రక్తంలో కాల్షియం నార్మలే, పూసల మీద కాల్షియం పేరుకుంది అంటున్నారు, మరి ఎముక ఎందుకు విరిగింది?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి క్లుప్తంగా చెప్తా. అమ్మగారికి 64 ఏళ్ళు, బాత్రూంలో నీళ్ళ బకెట్ ఎత్తబోతే నడుంలో కలుక్కుమంది, ఎక్స్-రే తీస్తే ఎల్ 1 పూస (నడుంలో మొదటి పూస) ముందువైపు నొక్కుకుపోయింది అన్నారు. అదే రిపోర్ట్ లో పూసల అంచుల్లో ఆస్టియోఫైట్స్, అంటే ఎముక ముళ్ళు, ఉన్నాయని కూడా రాశారు, దాన్ని చుట్టాల్లో ఒకాయన "కాల్షియం పేరుకుపోయింది" అని చెప్పాడు, పైగా రక్తంలో కాల్షియం 9.1, అంటే నార్మల్. దాంతో ఇంట్లో అందరూ కలిసి ఉన్న కాల్షియమే ఎక్కువైందని బిళ్ళలు ఆపేశారు, కిడ్నీలో రాళ్ళు వస్తాయని భయం ఒకటి. ఇప్పుడు మీ ప్రశ్న, కాల్షియం ఎక్కువైందా తక్కువైందా అని.

ఎముకలో తక్కువైంది. రక్తంలో సరిపోయినట్టు కనిపిస్తోంది. పూసల అంచుల్లో పెరిగినదానికి ఈ రెంటితోనూ పెద్దగా సంబంధం లేదు. బిళ్ళలు ఆపడం మాత్రం తప్పే అండి, ఎందుకో చెప్తా.

మన ఒంట్లో మొత్తం కాల్షియం కేజీ, కేజీంబావు దాకా ఉంటుంది. అందులో 99 శాతం ఎముకల్లో, పళ్ళలో. రక్తంలో తిరిగేది ఒక గ్రాము లోపే. కానీ గుండె కొట్టుకోవాలన్నా, కండరం ముడుచుకోవాలన్నా, నరం కబురు మోయాలన్నా, దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టాలన్నా ఆ కాస్తే ఆధారం, అందుకే శరీరం దాన్ని 8.5 నుంచి 10.5 మధ్యలో పట్టి ఉంచుతుంది, అటూ ఇటూ పోనివ్వదు. ఎలాగంటే, ఇంటి ఖర్చుకి లోటు రాకూడదని ఏటా అరెకరం అమ్ముకుంటూ పోయే మనిషి ఉంటాడు చూడండి, బయటివాళ్ళకి ఆ ఇల్లు బాగానే నడుస్తున్నట్టు కనిపిస్తుంది, పాస్‌బుక్ తెరిస్తే గానీ అసలు సంగతి తెలీదు. 9.1 చూసి ఎముక గట్టిగా ఉంది అనుకోవడం అలాంటిదే. ఎముక గుల్లబారిన వాళ్ళలో చాలామందికి రక్తంలో కాల్షియం నార్మలే ఉంటుంది, అందులో వింతేం లేదు.

ఇక ఎవరు అమ్ముతున్నారు అంటే, థైరాయిడ్ వెనకాల అతుక్కుని నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు ఉంటాయి, నాలుగూ కలిపి తూచినా పావు గ్రాము ఉండవు. రక్తంలో కాల్షియం కొంచెం తగ్గితే చాలు అవి కనిపెట్టేస్తాయి, నిమిషాల్లో పీటీహెచ్ అనే హార్మోన్ వదుల్తాయి. అది మూడు చోట్ల పనిచేస్తుంది. ఎముకని కరిగించే కణాల్ని లేపుతుంది, నేరుగా కాదు, ఎముక కట్టే కణాల చేతే కబురు పంపిస్తుంది. కిడ్నీకి వెళ్ళి కాల్షియం యూరిన్ లో పోనివ్వకు, ఫాస్ఫరస్ పోతే పోనీ అంటుంది. మూడోది, అదే కిడ్నీలో విటమిన్ డి ని అసలు పనిచేసే రూపంలోకి మార్పిస్తుంది, ఆ రూపం పేగుకి వెళ్ళి తిన్నదాంట్లోంచి కాల్షియం లాగుతుంది. విటమిన్ డి సరిగ్గా ఉంటే తిన్న కాల్షియంలో 30, 40 శాతం ఒంటికి పడుతుంది, లేకపోతే 10, 15 శాతమే, మిగతాది మలంలో పోతుంది. అంటే డి లేకుండా కాల్షియం బిళ్ళలు మింగినా పెద్ద ఉపయోగం ఉండదు.

ఇప్పుడు మీరు పెట్టిన రిపోర్ట్ ఇంకోసారి చూడండి, ఈసారి 9.1 దగ్గర ఆగకండి. విటమిన్ డి 11, అంటే బాగా తక్కువ. పీటీహెచ్ 112, ఆ ల్యాబ్ లో పైహద్దు 65. ఫాస్ఫరస్ 2.6, కింది హద్దు దగ్గర. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, అంటే ఎముకలో పని ఎక్కువైతే పెరిగే ఎంజైమ్, 168, కొంచెం ఎక్కువ. ఈ నాలుగూ పక్కపక్కన పెడితే కథ మొత్తం ఉంది అందులో. డి లేదు, పేగు కాల్షియం లాగట్లేదు, పారాథైరాయిడ్లు గట్టిగా పనిచేస్తున్నాయి, ఫాస్ఫరస్ యూరిన్ లో పోతోంది, ఎముక కరుగుతోంది, ఆ కరిగిందే మీకు 9.1 గా కనిపిస్తోంది. ఆ 9.1 కూడా ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ముఖ్యమైన ప్రోటీన్) తో కలిపి చదవాలి, ఎందుకంటే రక్తంలో కాల్షియంలో దాదాపు సగం ప్రోటీన్ కి అంటుకుని ఉంటుంది. ఆల్బుమిన్ 4 కంటే ఒక గ్రాము తగ్గితే కాల్షియం కి 0.8 కలిపి చూస్తాం. మీరు ఆల్బుమిన్ పెట్టలేదు, ఉంటే పెట్టండి.

చాలామంది అడుగుతారు, ఎండలు మండిపోయే మన దగ్గర డి తక్కువ ఏంటి అని. ఎండ ఉంటే సరిపోదండి, ఒంటికి తగలాలి. ఉదయం ఏడింటి లేత ఎండలో వాకింగ్ చేస్తే ఆరోగ్యానికి మంచిదే గానీ డి తయారుచేసే కిరణాలు అప్పుడు పెద్దగా ఉండవు, మన నీడ మనకంటే పొట్టిగా పడే టైంలోనే ఉంటాయి. కిటికీ అద్దం వాటిని ఆపేస్తుంది, నిండా చీర, చర్మం రంగు, వయసు, ఇవన్నీ ఇంకొంచెం తగ్గిస్తాయి. 64 ఏళ్ళ ఆవిడ మధ్యాహ్నం డాబా మీద చేతులు, కాళ్ళు ఎండకి పెట్టుకుని కూర్చోవడం మన ఇళ్ళల్లో ఎంతవరకు జరిగే పనో మీకే తెలుసు, అందుకే నేను మందే రాస్తాను.

మరి ముందు పూసే ఎందుకు విరిగింది, తొడ ఎముక ఎందుకు కాదు? ఎముకలో రెండు రకాలు, బయట గట్టి పెంకు, లోపల జల్లెడ లాంటి మెత్తటి అల్లిక. బరువులో ఆ అల్లిక ఐదో వంతే గానీ ఎముకని కరిగించే కణాలు కూర్చునే ఉపరితలం మాత్రం ఎక్కువ భాగం దాందే. పూస లోపల ఉండేది ముఖ్యంగా ఆ అల్లికే. కాబట్టి పీటీహెచ్ పెరిగినా, మెనోపాజ్ తో ఈస్ట్రోజెన్ తగ్గినా, స్టెరాయిడ్ బిళ్ళలు వాడినా మొదట దెబ్బ తినేది పూసలే. మంచి ఎక్స్-రే ఫిల్మ్ ని లైట్ బాక్స్ మీద పెట్టి దగ్గరగా చూస్తే ఇది కంటికి కనిపిస్తుంది, అడ్డంగా ఉండే గీతలు ముందు మాయమైపోతాయి, నిలువు గీతలు మాత్రం సన్నగా మిగులుతాయి. నిలువు వాటిని పట్టి ఉంచే అడ్డకమ్ములు పోయాక బరువు ఎత్తేటప్పుడు ముందుకి వంగితే చాలు, పూస ముందుభాగం కుంగిపోతుంది. మెనోపాజ్ తర్వాత మొదటి ఐదారేళ్ళు ఈ నష్టం చాలా వేగంగా జరుగుతుంది. ఇలా కుంగిన పూసల్లో మూడింట రెండొంతులు అసలు ఎవరికీ తెలీకుండానే పోతాయి, "వయసు మీద పడింది, నడుం నొప్పి" అని జండూబామ్ రాసుకుని ఊరుకుంటారు. అమ్మగారి ఎత్తు పెళ్ళినాటికంటే తగ్గిందా, జాకెట్టు వెనక పైకి లేస్తోందా అని ఇంట్లో అడగండి, పాత ఫ్రాక్చర్లు ఉంటే అక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆస్టియోఫైట్స్. పూసల మధ్య డిస్క్ ఎండిపోయి పలచబడితే పూసల అంచుల మీద లాగుడు పెరుగుతుంది, ఆ లాగుడుకి శరీరం అంచుల్లో కొత్త ఎముక వేసుకుంటుంది. అది తిన్న కాల్షియం మిగిలిపోయి అక్కడ చేరడం కాదు, పాలు తాగడం వల్ల రాదు, పాలు మానేస్తే పోదు. కాల్షియం ఎక్కడికి వెళ్ళాలో నోరు నిర్ణయించదు, హార్మోన్లు, బరువు పడే తీరు, వాపు ఇవి నిర్ణయిస్తాయి. అందుకే ఒకే పూసలో లోపల గుల్ల, అంచున ముల్లు రెండూ ఉండొచ్చు. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అని వెన్నులో వాపు వచ్చే జబ్బులో అయితే ఇది ఇంకా విచిత్రంగా ఉంటుంది, పాతికేళ్ళ కుర్రాడి వెన్ను బయటినుంచి ఒకే ఎముకగా అతుక్కుపోతూ ఉంటుంది, లోపల పూసలు మాత్రం గుల్లబారుతుంటాయి, చిన్న దెబ్బకే విరుగుతాయి.

ఈ ముళ్ళ వల్ల అమ్మగారి డెక్సా స్కాన్ (ఎముక చిక్కదనం కొలిచేది) కూడా మిమ్మల్ని మోసం చేసింది. నడుం దగ్గర టీ స్కోర్, అంటే వయసులో ఉన్నవాళ్ళ ఎముకతో పోల్చి ఇచ్చే అంకె, మైనస్ 1.6, తుంటి దగ్గర మైనస్ 2.8 అని ఉంది. మీరు మైనస్ 1.6 చూసి పర్లేదు అనుకున్నారు. ఆ మెషిన్ కి పూస లోపలి ఎముకకి, అంచు మీద ముల్లుకి తేడా తెలీదు, నొక్కుకుపోయిన పూస కూడా దానికి చిక్కగానే కనిపిస్తుంది, పొట్టలో పెద్ద రక్తనాళానికి పట్టిన సున్నం కూడా లెక్కలో పడిపోతుంది. ఈ వయసులో తుంటి స్కోరే నమ్మాలి. మైనస్ 2.5 గానీ అంతకంటే దిగువన గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముక గుల్లబారడం, అంటాం, మీ అమ్మగారికి అయితే అసలు స్కోర్ తో పనే లేదు, బకెట్ ఎత్తితే పూస కుంగిందంటే అదే చాలు.

మీరు చివర్లో మామూలుగా రాసేసిన ఒక్క ముక్క ఉంది, నాకు అన్నిటికంటే ముఖ్యమైంది అదే. అమ్మగారి పుట్టిల్లు మర్రిగూడ వైపు, పెళ్ళయ్యాక కూడా చాలాకాలం ఆ చుట్టుపక్కలే ఉన్నారు, బావి నీళ్ళు, తర్వాత బోరు నీళ్ళు అన్నారు. నల్గొండ జిల్లాలో ఆ ప్రాంతం ఫ్లోరైడ్ కి పేరు పడింది, మీకు నేను చెప్పక్కర్లేదు. మన దేశంలో ఈ జబ్బుని మొదట వైద్య పత్రికకి ఎక్కించింది కూడా మన తెలుగు పల్లెల గురించే, 1937 లో షార్ట్ అనే డాక్టర్, ఆయనతో పనిచేసినవాళ్ళు అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ళల్లో చూసి రాశారు, వెన్ను కర్రలా బిగుసుకుపోయిన మనుషుల గురించి. ఫ్లోరైడ్ ఎముక స్ఫటికంలో దూరి దాని స్వభావాన్నే మారుస్తుంది, ఎక్స్-రేలో పూసలు, కటి ఎముకలు సుద్దలా తెల్లగా కనిపిస్తాయి, కానీ ఆ చిక్కదనం బలం కాదు, పెళుసు. పైగా లిగమెంట్లు ఎముకలా మారిపోతాయి, వెన్నుపాము ఉండే దారి ఇరుకైపోతుంది, కొందరికి కాళ్ళు పడిపోతాయి. కాల్షియం తక్కువ తినేవాళ్ళలో ఇది ఇంకా పాడు చేస్తుంది, 1973 లో హైదరాబాద్ తార్నాకలోని ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) శాస్త్రవేత్తలు ఫ్లోరైడ్ ఊళ్ళల్లో కుర్రవాళ్ళకి మోకాళ్ళు లోపలికి వంగిపోవడం గురించి రాశారు, అక్కడ ఫ్లోరైడ్ తో పాటు ఎముక గుల్లదనం కూడా కనిపించింది. ఫ్లోరైడ్ ఎక్కువైతే శరీరం ఎముకకి ఇంకా కాల్షియం అడుగుతుంది, తిండిలో లేకపోతే పీటీహెచ్ పెరుగుతుంది, మళ్ళీ మొదటికే.

కాబట్టి రెండు పనులు చేయండి. ఒకటి, ముంజేతి ఎక్స్-రే తీయించండి, నడుంది కాదు, ముంజేతిది. ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఒక పొర ఉంటుంది, ఫ్లోరోసిస్ లో అది ఎముకగా మారి గరుకు అంచులతో కనిపిస్తుంది, వయసు వల్ల వచ్చే ముళ్ళకి, ఫ్లోరోసిస్ కి తేడా అక్కడ బాగా తెలుస్తుంది. రెండు, ఊళ్ళల్లో సర్వే చేసేటప్పుడు చేయించే చిన్న పరీక్షలు ఉన్నాయి, గడ్డం ఛాతీకి ఆనించడం, రెండు చేతులూ తల వెనక్కి పెట్టుకోవడం. మూడోది మోకాళ్ళు వంచకుండా వంగి కాలివేళ్ళు తాకడం, అది మాత్రం ఇప్పుడు పూస విరిగింది కాబట్టి చేయించకండి, పొరపాటున కూడా వద్దు. మిగతా రెండూ చేయలేకపోతున్నారు, ఎన్నో ఏళ్ళుగా అంతే అంటే డాక్టర్ కి ఆ మాట చెప్పండి. ఇప్పుడు అక్కడ కృష్ణా నీళ్ళు వస్తున్నాయి గానీ ఎముకలో దిగిన ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. బోరు నీళ్ళు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది, ఇది చాలామందికి తెలీదు. ఇంకోటి, తిండిలో ఉన్న కాల్షియం పేగులోనే కొంత ఫ్లోరైడ్ ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. మీరు కాల్షియం ఆపేయడం అందుకే రెండు విధాలా నష్టం.

ఈ వయసులో పూస కుంగితే ఇంకో మూడు నాలుగు జబ్బులు కాదని తేల్చుకోకుండా నేను ఆస్టియోపోరోసిస్ అని రాయను. మల్టిపుల్ మైలోమా (ఎముక మజ్జలో వచ్చే ఒక క్యాన్సర్) ముఖ్యంగా, నడుం నొప్పి, హిమోగ్లోబిన్ తక్కువ, ఈఎస్ఆర్ బాగా ఎక్కువ, కాల్షియం పెరగడం, కిడ్నీ దెబ్బతినడం, ఇవి కలిసి వస్తాయి, సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ అని ఒక టెస్ట్ చేయిస్తే చాలావరకు తెలుస్తుంది. వెన్ను టీబీ మన దేశంలో మర్చిపోకూడదు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నొప్పి ఉంటే ఎంఆర్ఐ. ఇక పీటీహెచ్ గురించి ఒక మెలిక ఉంది. డి తక్కువ కాబట్టి పీటీహెచ్ పెరిగింది అనే అనుకుంటున్నాం, కానీ పారాథైరాయిడ్ లో చిన్న గడ్డ ఉన్నా పీటీహెచ్ పెరుగుతుంది, డి తక్కువ ఉన్నప్పుడు ఆ గడ్డ కూడా నార్మల్ కాల్షియం వెనక దాక్కోగలదు. డి సరిచేశాక మూడు నెలలకి మళ్ళీ చూడండి, పీటీహెచ్ దిగివస్తే సరే, దిగకుండా కాల్షియం 10.8, 11 కి ఎక్కితే అప్పుడు ఎండోక్రైనాలజిస్ట్ దగ్గరికి వెళ్ళాలి.

మందుల సంగతి. విటమిన్ డి 60,000 యూనిట్లు వారానికి ఒకటి, ఎనిమిది వారాలు, తర్వాత నెలకొకటి, ఇది మామూలుగా రాసేది, మీ డాక్టర్ అమ్మగారిని చూసి మార్చొచ్చు. ఆ వారం బిళ్ళని "విటమినే కదా" అని ఏళ్ళకి ఏళ్ళు వారం వారం మింగేవాళ్ళు ఉన్నారు, పైగా డి ఇంజెక్షన్లు కూడా వేయించుకుంటారు, వాళ్ళకి కాల్షియం నిజంగానే పెరిగి వాంతులు, మలబద్ధకం, మత్తు, కిడ్నీ దెబ్బతినడం దాకా వెళ్తుంది. కాల్షియం రోజుకి మెనోపాజ్ దాటిన ఆడవాళ్ళకి 1200 మిల్లీగ్రాములు కావాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చెప్తుంది. అది అంతా బిళ్ళల్లోంచే రావాలని కాదు. గ్లాసు పాలు 200 ఎంఎల్ అంటే సుమారు 240, పెరుగు ఒక కప్పు, వంద గ్రాముల రాగిపిండిలో 350 దాకా, నువ్వుల పొడి రెండు స్పూన్లు, మునగాకు, ముల్లుతో తినే చిన్న చేపలు. పాలకూరలో ఉంది గానీ దానిలోని ఆక్సలేట్ పట్టేసుకుంటుంది, లెక్కలోకి తీసుకోకండి. ఆవకాయ, అప్పడాలు తగ్గించండి, ఉప్పు ఎక్కువైతే యూరిన్ లో కాల్షియం ఎక్కువ పోతుంది.

తిండిలో తక్కువపడింది బిళ్ళతో, ఒకేసారి 500 మించకుండా. స్ట్రిప్ మీద కాల్షియం కార్బొనేట్ 1250 అని ఉంటే అందులో అసలు కాల్షియం 500 మాత్రమే. అమ్మగారు పాంటోప్రజోల్ ఏళ్ళుగా రోజూ వేసుకుంటున్నారు అన్నారు, కార్బొనేట్ కరగడానికి కడుపులో ఆసిడ్ కావాలి, ఆ బిళ్ళ ఆసిడ్ ని ఆపేస్తుంది, కాబట్టి సిట్రేట్ రకం అడగండి, అసలు పాంటోప్రజోల్ ఇంకా అవసరమా అని కూడా అడగండి. థైరాయిడ్ బిళ్ళకీ కాల్షియం కీ నాలుగు గంటల గ్యాప్ ఉండాలి, లేకపోతే థైరాయిడ్ బిళ్ళ ఒంటికి పట్టదు. టీఎస్ఎచ్ అనే థైరాయిడ్ టెస్ట్ కూడా చూడండి, థైరాయిడ్ డోసు ఎక్కువైనా ఎముక కరుగుతుంది. రాళ్ళ భయం గురించి, తిండితో పాటు వేసుకున్న కాల్షియం పేగులోనే ఆక్సలేట్ ని పట్టుకుంటుంది కాబట్టి తిండి కాల్షియం తగ్గించినవాళ్ళకే రాళ్ళు ఎక్కువ వస్తాయి. ఖాళీ కడుపుతో బిళ్ళలు గుప్పెడు మింగితే మాత్రం వేరే సంగతి. ఇంతకుముందు రాయి వచ్చిన మనిషి అయితే యూరిన్ టెస్ట్ చేసి నిర్ణయించాలి.

కాల్షియం, డి రెండూ ఇటుకలు ఇచ్చినట్టే, విరిగిన పూస ఉన్న మనిషికి అవి మాత్రమే చాలవు, ఎముక మందు కావాలి. కానీ వరస ముఖ్యం. డి 11 ఉండగా ఎవరైనా ఏడాదికొకసారి వేసే జోలెడ్రోనిక్ ఆసిడ్ ఇంజెక్షన్ వేస్తామంటే ఆగమనండి, ఎముక నుంచి కాల్షియం రావడం ఒక్కసారిగా ఆగితే రక్తంలో పడిపోతుంది, మూతి చుట్టూ తిమ్మిరి, వేళ్ళు కొంకర్లు పోవడం. ముందు డి సరిచేయాలి. వారానికొకటి వేసుకునే అలెండ్రోనేట్ అయితే పొద్దున్నే ఖాళీ కడుపుతో నిండు గ్లాసు మంచినీళ్ళతో, తర్వాత అరగంట పడుకోకూడదు, కాఫీతో మింగితే వేస్ట్. ఆరు నెలలకొకసారి వేసే డెనోసుమాబ్ మొదలుపెడితే మధ్యలో మానేయకూడదు, ఆపితే ఎముక కరగడం ఎదురుతిరిగి ఒకేసారి రెండు మూడు పూసలు కుంగొచ్చు, విదేశాల్లో ఉండే పిల్లలు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి, తర్వాతి డోసు ఎవరు వేయిస్తారో ముందే చూసుకోండి. టెరిపారటైడ్ అని ఇంకోటి, రోజూ చర్మం కింద వేసుకునేది, అది పీటీహెచ్ ముక్కే. అదేంటి, పీటీహెచ్ ఎముక తింటుంది అన్నారుగా అంటే, రోజంతా ఎక్కువ ఉంటే తింటుంది, రోజుకొకసారి కాసేపు పెరిగి తగ్గిపోతే కట్టే కణాలే ఎక్కువ పనిచేస్తాయి. మామూలుగా రెండేళ్ళకి మించి ఇవ్వరు, సొంత పీటీహెచ్ ఎక్కువ ఉన్నవాళ్ళకి అసలు ఇవ్వరు, కాబట్టి మీ అమ్మగారికి ఇప్పుడే కాదు.

మంచం మీద నెలలకి నెలలు పడుకోబెట్టకండి. బరువు పడని ఎముక కాల్షియం వదిలేస్తుంది, అంతరిక్షంలో ఉండేవాళ్ళకి నెలకి ఒక శాతం పైగా ఎముక పోతుంది, మంచంపట్టిన మనిషిది కూడా అదే దారి. నొప్పి తట్టుకోగలిగిన వెంటనే బెల్ట్ పెట్టి లేపి ఇంట్లోనే నడిపించండి. వంగి తుడవడం, పప్పు రుబ్బడం, మనవడిని ఎత్తుకోవడం ప్రస్తుతానికి బంద్. కాళ్ళల్లో బలం తగ్గినా, నడుస్తుంటే తూలినా, యూరిన్ ఆగినా లేదా తెలీకుండా పోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, ఆ రోజే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

పుచ్చిన పళ్ళు ఏమన్నా ఉంటే ఎముక ఇంజెక్షన్ మొదలుపెట్టకముందే పీకించడం అయిపోవాలి, ఇంజెక్షన్ల తర్వాత దవడ ఎముక మానడం కష్టమవుతుంది. ఆల్బుమిన్, హిమోగ్లోబిన్, ఈఎస్ఆర్, క్రియాటినిన్, టీఎస్ఎచ్, ఎలక్ట్రోఫోరెసిస్, ముంజేతి ఎక్స్-రే, ఇవి వచ్చాక పెట్టండి, చూసి చెప్తా.